మడి అడుగున ఇద్దరు

తెనాలి

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది. వరి చేలల్లో మీథేన్ మీద పనిచేయమని మీ గైడుగారు అన్నారనీ, నీకేమో అందులో కొత్తగా చేయడానికి ఏమీ మిగల్లేదనిపిస్తోందనీ రాశావు. మొక్కల మీద పెట్టె బోర్లించడం, సిరంజితో గాలి లాగడం, యంత్రానికి ఇవ్వడం, వచ్చిన అంకెను పట్టికలో ఎక్కించడం, ఇంతేగా అన్నావు. వదులుకోవద్దమ్మా, ఒప్పుకో. కానీ ఆ గ్యాసును తయారుచేసే ప్రాణుల ముఖమైనా చూడకుండా థీసిస్ ముగించేవాళ్ళు చాలామంది ఉంటారు. నువ్వు వాళ్ళలో ఒకతెవి కావద్దు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పెట్టె బోర్లించేముందు ఆ బురదలో ఎవరున్నారో, ఎవరితో కలిసి ఉన్నారో కళ్ళతో చూడు.

ఎందుకు చెబుతున్నానో విను. 1776 నవంబరులో ఇటలీలోని మజ్జోరే సరస్సు ఒడ్డున అలెస్సాండ్రో వోల్టా కర్రతో బురద కెలికి, పైకి తేలిన బుడగల్ని సీసాలో పట్టి, ఆ గాలి మండుతుందని చూపించాడు. అదే మీథేన్. సరిగ్గా అదే ఏడాది డెన్మార్క్‌లో ఒట్టో ఫ్రెడరిక్ ముల్లర్, నీటిబొట్టులో కనిపించే ప్రాణులకు పేర్లు పెడుతూ, ఒళ్ళు మెలితిరిగిన ఒక ఏకకణ జీవిని గ్రంథంలోకి ఎక్కించాడు. ఇప్పుడు మనం దాన్ని మెటోపస్ ఎస్ అంటున్నాం. ఆ గాలికీ ఈ ప్రాణికీ సంబంధం ఉందని తేలడానికి రెండు వందల ఏళ్ళు దాటింది. 1983లో నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో వాన్ బ్రుగ్గెన్, స్టుమ్, వోగెల్స్ అనే ముగ్గురు, కుళ్ళిన బురదలో బతికే ఇలాంటి జీవుల కడుపులోనే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయని వివరంగా రాశారు. గ్యాసు పట్టినవాళ్ళు గ్యాసునే చూశారు, ప్రాణిని చూసినవాళ్ళు ప్రాణినే చూశారు. అందుకే అంతకాలం పట్టింది.

వాటి కాపురం ఎలా సాగుతుందో చెబుతాను. మెటోపస్ లాంటి ఈ శైలికామయ జీవులు (సిలియేట్లు) ఆక్సిజన్ లేనిచోట బతుకుతాయి. మన కణాల్లో ఉన్నట్టు ఆక్సిజన్ వాడుకునే మైటోకాండ్రియా వీటికి లేవు. ఆ స్థానంలో హైడ్రోజెనోజోములు ఉంటాయి. వీటిని మొదట 1973లో లిండ్‌మార్క్, మిక్లోష్ ముల్లర్ అనేవాళ్ళు పశువులకు వచ్చే ఒక పరాన్నజీవిలో కనిపెట్టారు. హైడ్రోజెనోజోములు ఆ జీవి తిన్న తిండిని విరగ్గొట్టి, కాస్త శక్తి మిగుల్చుకుని, మిగతాది ఎసిటేట్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా వదిలేస్తాయి. ఒక గ్లూకోజ్ అణువు నుంచి మన కణాలు దాదాపు 30 ఏటీపీలు రాబట్టుకుంటే, ఈ జీవులకు దక్కేవి నాలుగు. అంత బీద సంసారం. పైగా హైడ్రోజన్ లోపల పేరుకుంటే ఆ కాస్త పనీ ముందుకు సాగదు. వంటింట్లో పొగగొట్టం మూసుకుపోతే పొయ్యి ఊపిరాడక ఆరిపోతుందే, అలాగన్నమాట. ఆ పొగను పుట్టినచోటే తినేసేవాళ్ళు లోపలే ఉంటే? మీథేన్ జీవులు చేసే పని అదే. నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు తీసుకుని, ఒక మీథేన్ అణువు, రెండు నీటి అణువులు చేస్తాయి. ఆతిథేయికి ఊపిరి తేలికవుతుంది, అతిథికి తిండి దొరుకుతుంది.

ఈ మీథేన్ జీవులు బాక్టీరియా కావు, ఆర్కియా. 1977లో కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ వీటిని వేరే వంశంగా తీసి చూపించారు. మేం డిగ్రీ చదివిన పుస్తకాల్లో మాత్రం ఇవి ఇంకా బాక్టీరియాగానే ఉండేవి. నువ్వు పాత కాగితాలు చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకో.

సముద్రపు బురదలో ఉండే ప్లేజియోపైలా ఫ్రాంటాటా అనే దానిలో అతిథులు వేలల్లో ఉంటాయి. ఒక హైడ్రోజెనోజోము, దాన్ని ఆనుకుని ఒక మీథేన్ జీవి, మళ్ళీ ఒక హైడ్రోజెనోజోము, ఇలా వరసకట్టి పేర్చుకుని ఉంటాయి. హైడ్రోజన్ పుట్టినచోటు నుంచి తినే నోటికి దూరమే లేదు. ఆతిథేయి రెండుగా చీలే సమయానికి లోపలివి కూడా చీలి రెండు పిల్లకణాలకూ పంపకం అవుతాయి. డెన్మార్క్‌కు చెందిన టామ్ ఫెంచెల్, బ్రిటన్‌కు చెందిన బ్లాండ్ ఫిన్లే వీటితో ఏళ్ళ తరబడి పనిచేశారు. మీథేన్ తయారీని ఆపే మందు వేసి చూస్తే, ప్లేజియోపైలా, మెటోపస్ కంటార్టస్ లాంటి పెద్ద జాతుల ఎదుగుదల సుమారు పావువంతు నుంచి మూడోవంతు దాకా పడిపోయింది. ఒక చిన్న జాతి మాత్రం పెద్దగా చలించలేదు. కాబట్టి అన్ని కాపురాలూ ఒక్కలాంటివి కావు. కొందరికి లోపలివాళ్ళు లేకపోతే గడవదు, కొందరికి ఉన్నా లేకపోయినా గడుస్తుంది. ఏ జాతి ఏ తీరుదో పుస్తకం చూసి కాదు, పెంచి చూసి చెప్పాల్సిందే.

నీకు ఇంకో కథ కూడా తెలిసుండాలి. ఆల్కహాల్ తిని మీథేన్ ఇచ్చే ఒక జీవి ఉందని, దాన్ని శుద్ధంగా వేరుచేశామని చాలాకాలం అనుకున్నారు. మీథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీ అని దాని పేరు. 1967లో బ్రయంట్, వోల్ఫ్, వాళ్ళ సహచరులు తేల్చింది ఏమిటంటే, అది ఒకటి కాదు, రెండు. ఒకటి ఆల్కహాల్‌ను విరగ్గొట్టి హైడ్రోజన్ వదులుతుంది, రెండోది ఆ హైడ్రోజన్ తిని మీథేన్ చేస్తుంది. వేరుచేస్తే మొదటిది ఆల్కహాల్ మీద సరిగ్గా పెరగనే లేదు. పేరున్న ప్రయోగశాలల్లో, జాగ్రత్తపరులైన మనుషుల చేతుల్లోనే ఆ జంట ఒక్కటిగా చలామణీ అయింది. అందుకే నీ ట్యూబులో ఏది పెరిగినా, ఇది ఒంటరిదేనా అన్న ప్రశ్న ముందు వేసుకో.

మన ఇళ్ళలోనే ఇలాంటి కాపురానికి ఉదాహరణ ఉంది. బాత్రూములో తిరిగే ఎర్ర బొద్దింక వెనక పేగులో నిక్టోథీరస్ ఒవాలిస్ అనే శైలికామయ జీవి ఉంటుంది. దానిలో కూడా మీథేన్ జీవులే. దాని హైడ్రోజెనోజోములో సొంత డీఎన్ఏ మిగిలి ఉందని 1998లో తెలిసింది. 2005లో ఆ డీఎన్ఏను చదివి, హైడ్రోజెనోజోము ఒకప్పటి మైటోకాండ్రియానే అని బలంగా చూపించారు. మా జువాలజీ ప్రాక్టికల్స్‌లో బొద్దింకను కోసి లాలాజల గ్రంథులు, నాడీవ్యవస్థ చూపించేవాళ్ళం. పేగును పక్కకు తీసి పారేసేవాళ్ళం. ఆ పారేసిన పేగులో ఇంత విషయం ఉంది. నువ్వు బురదలోకి దిగేముందు చేతికి అలవాటు కావాలంటే ఇదే మంచి దారి. ఉప్పు ద్రావణం బొట్టులో వెనక పేగు విప్పి, వెంటనే కవర్‌స్లిప్ మూసి చూడు. పెద్ద జీవి, దొరకడం తేలిక.

ఇక మడి సంగతి. నాట్లు పడి రెండు మూడు వారాలు నీళ్ళు నిలబడి ఉన్న మడి చూసుకో. గట్టు పక్కన వద్దు, లోపలికి వెళ్ళు. పైనీళ్ళలో వెతికితే దొరకవు. బురద మొదలయ్యే గీత దగ్గరే వాటి నివాసం. సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, మెల్లగా, బుడగ పట్టనివ్వకుండా లాగు. చిన్న సీసా అంచుదాకా నింపి, గాలి చోటు లేకుండా బిగించు. నాలుగు వరి గింజలు, చిన్న గడ్డి ముక్క వేసి చీకట్లో పెట్టు. కొద్ది రోజులకు అడుగు నల్లబడి, మూత తీస్తే కోడిగుడ్డు కుళ్ళిన వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే ఆక్సిజన్ లేదని అర్థం. అప్పుడు అడుగునుంచి ఒక్క బొట్టు తీసి, కవర్‌స్లిప్ అంచులకు వాజెలిన్ రాసి మూసి, ఆలస్యం చేయకుండా చూడు. గాలి తగిలితే కాసేపు తట్టుకుంటాయి, తరువాత మందగించి చివరికి పగిలిపోతాయి. మెటోపస్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. ముందుభాగం ఒకవైపుకు వంగి మెలితిరిగి ఉంటుంది, ఈదేటప్పుడు ఒళ్ళంతా తిప్పుకుంటూ పోతుంది. సుమారు వంద మైక్రాన్ల పొడవు, చిన్న లెన్సుకే కనిపిస్తుంది. లోపలివి ఒకటి రెండు మైక్రాన్లు, మామూలు వెలుతురులో చూస్తే గింజల్లాంటి చుక్కలే.

ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని ఉన్నచోట ఒక పూట అడిగి తీసుకో. మీథేన్ జీవుల్లో ఎఫ్-420 అనే సహకారకం ఉంటుంది. 420 నానోమీటర్ల దగ్గరి ఊదారంగు వెలుతురు పడితే అది నీలి-ఆకుపచ్చగా మెరుస్తుంది. రంగులు వేయనక్కర్లేదు, చంపనక్కర్లేదు. ఈదుతున్న జీవి కడుపులో వందలకొద్దీ చుక్కలు ఒక్కసారిగా వెలుగుతాయి. తేరిపార చూసేలోపే ఆ వెలుగు సన్నగిల్లిపోతుంది కాబట్టి, ముందు మామూలు వెలుతురులో జీవిని ఫోకస్‌లో నిలుపుకుని, కెమెరా సిద్ధం చేసుకుని, ఆ తరువాతే ఊదారంగుకు మార్చు. ఒకటి మాత్రం జాగ్రత్త. మెరిసిందల్లా మీథేన్ జీవి కాదు. మింగిన పచ్చనాచు ఎర్రగా మెరుస్తుంది, అదొకటి. తిండిగా మింగిన మీథేన్ జీవి కూడా కాసేపు మెరవొచ్చు. ఆహార కోశంలో ముద్దగా ఉందా, ఒళ్ళంతా సమంగా పరచుకుని ఉందా అన్నది చూడాలి. డీఎన్ఏ వరసలు చదివే యంత్రం ఈ తేడా చెప్పదు. ఇద్దరి పేర్లూ ఇస్తుంది గానీ ఎవరు ఎవరిలో ఉన్నారో దానికి తెలియదు. ముందు చూడమని నేను పట్టుపడుతున్నది ఇందుకే.

కాలికి చిన్న గాయం ఉన్నా బురదలో దిగకు. మన చేలల్లో ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, రబ్బరు బూట్లు కొనుక్కో.

నువ్వు అడిగిన ప్రశ్నకు, అంటే కొత్తగా ఏం చేయాలన్నదానికి, నాకు తోచింది చెబుతాను. మీ కాలేజీ బాపట్లలో. నేనుండేది తెనాలిలో. మీ ఇల్లు రేపల్లె దగ్గర. ఈ మూడింటి మధ్యే నీ పని ఉంది. తెనాలి ఊళ్ళోంచి పారే మూడు కాలువలవి కృష్ణ మంచినీళ్ళు. కాలువ కట్టేశాక అడుగున మిగిలే గుంటలు, గుర్రపుడెక్క కప్పేసిన చోట్లు ఆక్సిజన్ లేని నీళ్ళకు మంచి తావులు. రేపల్లె దాటి కిందికి పోయేకొద్దీ డ్రెయిన్లలో ఉప్పు ఎక్కుతుంది, రొయ్యల చెరువులొస్తాయి, నిజాంపట్నం దగ్గర మడ అడవి వస్తుంది. బాపట్ల వైపు నల్లమడ డ్రెయిను, ఆ తరువాత సూర్యలంక ఇసుక. ఒక్క రోజు ప్రయాణంలో మంచినీళ్ళ నుంచి సముద్రం దాకా ప్రతి మెట్టూ దొరుకుతుంది.

ఉప్పుకు ఎందుకంత ప్రాముఖ్యం అంటావా? సముద్రపు నీటిలో సల్ఫేట్ ఉంటుంది. సల్ఫేట్ ఉన్నచోట దాన్ని వాడుకునే బాక్టీరియా హైడ్రోజన్ కోసం పోటీకి వచ్చి, మీథేన్ జీవులకు తిండి దక్కనివ్వవు. అందుకే ఉప్పు బురదలో మీథేన్ తక్కువ, కుళ్ళు వాసన ఎక్కువ. రొయ్యల రైతులు గ్యాస్ పట్టిందని జియోలైట్ చల్లేది ఈ వాసన చూసే. అలాంటి బురదలో కూడా శైలికామయ జీవి కడుపులో ఉన్న మీథేన్ జీవికి పోటీ లేదు. హైడ్రోజన్ బయటికి రాకముందే దానికి అందుతుంది. ఫెంచెల్ చూసిన ప్లేజియోపైలా సముద్రపు బురదదే కదా. మరి తెనాలి కాలువలో కనిపించే మెటోపస్ రేపల్లె డ్రెయిన్లో కూడా ఉంటుందా? ఉంటే దాని కడుపులోది అదే అతిథా, వేరేదా? ఆతిథేయుల వంశవృక్షాన్నీ అతిథుల వంశవృక్షాన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు, ఈ జంటలు చాలాసార్లు మారాయని చెబుతున్నారు. ఉప్పు ఎక్కేచోట ఆ మార్పు జరుగుతుందేమో చూడటానికి డెల్టా కొసను మించిన చోటు లేదు.

తీరప్రాంతపు బురద మీద పనిచేసి పేరు తెచ్చుకున్న మనవాళ్ళు ఉన్నారు. హైదరాబాదులో చింతలపాటి శశికళ గారు, చింతలపాటి వెంకటరమణ గారు ఆక్సిజన్ లేనిచోట వెలుతురుతో బతికే ఊదారంగు బాక్టీరియాను ఏళ్ళపాటు వెతికారు. భీమునిపట్నం, కాకినాడ, విశాఖపట్నం పేర్లతో మారిక్రోమేషియం భీమ్లికమ్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, రోడోవులమ్ విశాఖపట్నమెన్స్ ఈరోజు ప్రపంచ జాబితాలో ఉన్నాయి. వాళ్ళు మొదలుపెట్టింది కూడా తీరంలో తీసిన నమూనాలతోనే. వాళ్ళ కాగితాలు తెచ్చుకుని, నమూనా తీసిన తీరు ఎలా రాశారో చదువు.

మీ గైడుగారి అంశానికి ఇది దూరం కాదు. వరి మడిలో వచ్చే మీథేన్‌లో ఎక్కువ భాగం బురదలో విడిగా ఉండే ఆర్కియాదే, ఆ మాట దాచొద్దు. కానీ జర్మనీలోని మార్‌బుర్గ్‌లో ష్వార్జ్, ఫ్రెంజెల్ 2005లో వరి నేల మీదే చేసిన పనిలో, నీళ్ళు పెట్టిన తొలిరోజుల్లో శైలికామయ జీవుల కడుపులోని మీథేన్ జీవుల వాటా చెప్పుకోదగ్గదని తేలింది. అది ఇటలీ మట్టి. మన నల్లరేగడి మాగాణిలో దమ్ము చేసి నీళ్ళు పెట్టాక మొదటి వారాల్లో ఏం జరుగుతుందో నువ్వు చూడు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204ను, మన సాంబ మసూరిని, ఇప్పటికీ ఎంతోమంది వేస్తున్నారు. మీథేన్‌లో సింహభాగం వరి మొక్క కాండంలోని గాలి గొట్టాల గుండానే పైకి పోతుంది. అందుకే ఏ రకం అన్నది కూడా రాసుకోవాలి.

సొంత మడిలో కొలవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. భారతదేశపు వరి చేలు ఏటా మూడున్నర కోట్ల టన్నులకు పైగా మీథేన్ వదులుతున్నాయని ఒకప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. 1991లో ఏ.పి. మిత్రా గారి నాయకత్వంలో మనవాళ్ళు దేశమంతా తిరిగి కొలిస్తే తేలింది సుమారు 40 లక్షల టన్నులు. వేరే దేశాల మట్టిలో వచ్చిన అంకెను మన మడికి అంటగడితే అంత తేడా వచ్చింది. నేరం మోసింది మాత్రం మన రైతు.

మడిని ఆరబెట్టి మళ్ళీ తడిపితే మీథేన్ బాగా తగ్గుతుందన్నది నిజం, ఎన్నో చోట్ల రుజువైంది. ఆ మాట మీ నాన్నతో అనేముందు కాలువ చివరి భూమి అంటే ఏమిటో తెలుసుకో. పైవాళ్ళకు లాకులు ఎత్తగానే నీళ్ళు. చివరివాడు ఒకసారి మడి ఆరబెడితే, మళ్ళీ నీళ్ళు ఎప్పుడు వస్తాయో అతని చేతిలో లేదు. వచ్చిన నీళ్ళను వదలకుండా నిలుపుకోవడం అతని తెలివితక్కువతనం కాదు. మీథేన్ తగ్గించే సలహా ఏదైనా ముందు ఆ చివరి మడిలో నిలబడి రాయాలి.

పని నెమ్మదిగా సాగుతుందని దిగులుపడకు. జపాన్‌లో ఇమాచి అనే ఆయన బృందం 2006లో సముద్రం అడుగునుంచి తెచ్చిన బురదను పెంచుతూ పోయి, మన కణాల పూర్వీకులకు చుట్టమనదగ్గ ఒక ఆర్కియాను పట్టుకుంది. అది రెట్టింపు కావడానికి 14 నుంచి 25 రోజులు పడుతుంది. ఆ పని పత్రికలో అచ్చయింది 2020లో. విచిత్రం ఏమిటంటే అది కూడా ఒంటరిగా పెరగలేదు, పక్కన మీథేన్ జీవి లాంటి తోడు ఉంటేనే పెరిగింది. నీకు రెండేళ్ళే ఉన్నాయి, ఆ ఎత్తుకు పోవాలని కాదు. నీ సీసాలు వారానికోసారి చూస్తూ, మార్పేమీ లేనప్పుడు కూడా తేదీ వేసి "మార్పు లేదు" అని రాసుకునే అలవాటు చేసుకోమంటున్నాను. బొమ్మలు చేత్తో గీయి. ఫోటో తీసినా సరే, గీసినప్పుడే కన్ను నిలిచి చూస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మీ గైడుగారికి ఒప్పుకుంటున్నానని చెప్పి, పెట్టెలు బోర్లించే ప్రతి మడిలోనూ ఒక సీసా బురద కూడా తీస్తానని ముందే అడిగి అనుమతి తీసుకో. మీ నాన్నను అడిగి ఈ ఏడు మీ బోదెకు నీళ్ళు ఏ రోజు వచ్చాయో, మళ్ళీ ఏ రోజు ఆగాయో నోటుపుస్తకంలో రాయించు. ఆ తేదీలు లేకపోతే తొలిరోజులన్న మాటకు అర్థమే ఉండదు. తెనాలి వచ్చేటప్పుడు నాలుగు చిన్న గాజు సీసాలు, బిగువుగా పట్టే రబ్బరు మూతలు తీసుకురా. కాలువ గుంటలు నేను చూపిస్తాను. నా పాత సూక్ష్మదర్శిని తుడిచి పెట్టాను, లెన్సులు బాగానే ఉన్నాయి.


పెద్దమ్మ